లైపేజ్ పొడి: పనితనానికి వంక లేదు, ప్యాకింగే దండగ

లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడగొడుతుందని బోర్డు మీద రాస్తే పదో తరగతి పిల్లలు బుద్ధిగా నోటుబుక్కులో ఎక్కించుకుంటారు, అంతే. కళ్లారా చూపిద్దామని ఈ సీసా ఆన్‌లైన్‌లో తెప్పించాను.

పరీక్షనాళికలో పాలు 5 మి.లీ., పలుచటి సోడియం కార్బొనేట్ ద్రావణం 7 మి.లీ., క్షారంలో గులాబీ రంగుకు తిరిగే ఫినాఫ్తలీన్ ఐదు చుక్కలు. అచ్చం రోజ్‌మిల్క్! (తాగొచ్చా టీచర్ అని అడిగేవాడు ప్రతి సెక్షన్‌లోనూ ఒకడుంటాడు. వద్దు నాయనా.) నీళ్లలో కలిపిన లైపేజ్ 1 మి.లీ. పోసి, 40 డిగ్రీల వేడినీళ్లలో నిలబెట్టాం. కొవ్వు ఆమ్లాలు విడుదలయ్యే కొద్దీ క్షారగుణం తగ్గుతూ వస్తుంది. పీహెచ్ 8.3 దరిదాపుల్లోకి దిగేసరికి గులాబీ రంగు పలచబడి, చూస్తుండగానే మాయమైంది. "టీచర్, పాలు మళ్లీ పాలైపోయాయి!" అని వెనక బెంచీ కేక.

మరిగించిన లైపేజ్ పోసిన నాళికలో మాత్రం రంగు చెక్కుచెదరలేదు. ఎంజైమ్ కూడా ప్రొటీనే కదా, మరిగితే దాని రూపమే చెడిపోతుంది. పైత్య లవణాలు (కాలేయం తయారుచేసే పైత్యరసంలో ఉండేవి) కలిపిన నాళిక అందరికంటే ముందు తెల్లబడింది. కొవ్వు చిన్న చిన్న బిందువులుగా చెదిరితే లైపేజ్‌కు పని తేలిక. కాలేయం దగ్గర ఆగిపోయే పాఠం ఆ రోజు తనంతట తనే ముందుకు నడిచింది.

కొనేవాళ్లకు ఒక మాట. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ వాడండి, కొవ్వు 6 శాతం. డబుల్ టోన్డ్‌లో 1.5 శాతమే కాబట్టి ఎదురుచూపులు ఎక్కువ. పులిసిన పాలు అసలొద్దు, ఆ పులుపే రంగును తినేస్తుంది. మిగిలిన లైపేజ్‌ను ఉత్త పాలలో కలిపి సాయంత్రం దాకా ఉంచండి. పాడైన వెన్న కంపు కొడుతుంది. అది పాలకొవ్వు నుంచి విడివడ్డ బ్యూటిరిక్ ఆమ్లం. కిటికీలు తెరిచే ఉంచండి.

ఇక అమ్మినవాళ్ల నిర్వాకం. ఫ్రిజ్‌లో పెట్టమని లేబుల్ మీద వాళ్లే రాశారు, రోహిణీ కార్తె ఎండల్లో ఉత్త అట్టపెట్టెలో వాళ్లే పంపారు. ఐస్ ప్యాక్ లేదు, మూత వదులు, పైపొర ఉండలు కట్టింది. గ్రాముకు ఎన్ని యూనిట్ల ఎంజైమ్ ఉందో ఎక్కడా లేదు. అది తెలియకుండా ద్రావణం ఎంత గాఢంగా కలుపుకోవాలి? ఈ ధరకు ఆ ఒక్క లైను అచ్చు వేయలేరా?

అయిదుకు మూడున్నర. చిన్న సీసాయే తీసుకోండి, ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి.