స్పాన్సర్‌షిప్ దొరకాలంటే జర్మనీనా, జపానా?

తిరుపతి జిల్లాలోని పారిశ్రామిక ప్రాంతం శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నానని తెలిస్తే చాలు, తిరుపతిలో మెకానికల్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లలు ఇదే అడుగుతున్నారు: "అన్నా, మనల్ని వీసా ఇచ్చి తీసుకునే కంపెనీ ఏ దేశంలో దొరుకుతుంది?" జీతాలు, చలి, తిండి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: మిమ్మల్ని తీసుకోవడానికి అక్కడి యజమాని ఎంత తలనొప్పి పడాలి?

ఆ లెక్కన అమెరికా ముందే పక్కకు పోతుంది. అక్కడి ఉద్యోగ వీసాలు, హెచ్-1బీలు, ఏడాదికి 85,000 మాత్రమే, ఎంపికకు లాటరీ. దానికి తోడు 2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల భారం. కొత్తగా పట్టా పుచ్చుకున్నవాడి కోసం ఎవరు కడతారు? బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న సంస్థే స్పాన్సర్ చేయాలి. ఆ జాబితాను ప్రభుత్వమే వెబ్‌సైటులో పెడుతుంది. 2025 జూలై నుంచి సాధారణ జీతం పరిమితి 41,700 పౌండ్లు, కొత్తవారికి కొంత సడలింపు.

జర్మనీలో యజమానికి స్పాన్సర్ లైసెన్సు అంటూ లేదు. పల్లెలో చిన్న ఫ్యాక్టరీ అయినా సరే, ఉద్యోగ ఒప్పందం, ఉద్యోగ వివరాల ఫారం నింపి ఇస్తే చాలావరకు దాని పని అయిపోయినట్టే. బ్లూ కార్డుకు (పట్టా ఉన్నవారికి ఇచ్చే ఉద్యోగ నివాస అనుమతి) 2026లో ఏడాది జీతం 50,700 యూరోలు ఉండాలి. ఇంజినీరింగ్ కొరత వృత్తుల్లో (అక్కడ మనుషులు చాలని పనుల్లో) ఉంది కాబట్టి 45,934 చాలు, కాకపోతే అక్కడి ఉపాధి సంస్థ ఆమోదం కూడా కావాలి.

మనవాళ్లు తట్టుకుని పడేది పట్టా దగ్గర. విదేశీ పట్టాల వివరాలుండే అనబిన్ అనే జర్మన్ డేటాబేసులో తమ కాలేజీ పేరు వెతికి, లేదని దిగులుపడతారు. వెతకవలసింది పట్టా మీద ముద్ర ఉన్న విశ్వవిద్యాలయం పేరు. మన చుట్టుపక్కల చాలా ప్రైవేటు కాలేజీలవారికి అది అనంతపురం జేఎన్‌టీయూ. ఆ పేరు పక్కన హెచ్‌ ప్లస్ (గుర్తింపు ఉన్న సంస్థ అని అర్థం) ఉండాలి, మీ డిగ్రీ కూడా విడిగా కనిపించాలి. రెండిటిలో ఏది లేకపోయినా 208 యూరోలు కట్టి పట్టా సమానత్వ పత్రం తెప్పించుకోవాలి. దరఖాస్తుతో పాటే ఆ కాగితం జతచేస్తే, మీ పట్టా చెల్లుతుందో లేదో అన్న అనుమానం యజమానికి ఉండదు. బ్లూ కార్డుకు జర్మన్ భాష తప్పనిసరి కాదన్న మాట నిజమే. కానీ యంత్రాల పక్కన నిలబడి చేసే ఉద్యోగానికి బీ1 (మధ్యస్థాయి జర్మన్) కూడా లేనివాణ్ణి ఇంటర్వ్యూకి పిలుస్తారని నేను అనుకోను. పైగా అదే బీ1 ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగవచ్చు, ఏ1తో (తొలి మెట్టు) అయితే 27.

జపాన్ కూడా యజమానిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. లాటరీ లేదు, జీతానికి ఫలానా అంకె అని లేదు, అదే పని చేసే జపనీయుడికి ఇచ్చినంత ఇస్తే సరి. కంపెనీ అక్కడి ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో అర్హత ధ్రువపత్రం తీసి పంపుతుంది, దాంతో మనం వీసా వేసుకుంటాం. అడ్డు భాషే. ఎన్‌2 స్థాయి (జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో పైనుంచి రెండోది) లేకుండా నేరుగా ఉద్యోగం కష్టం, జేఎల్‌పీటీ పరీక్షేమో జూలైలో, డిసెంబరులో మాత్రమే. శాశ్వత నివాసానికి మామూలుగా పదేళ్లు.

అయితే మన జిల్లావాళ్లకు పెరటి దారి ఒకటుంది. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కొబెల్కో, టోరే వంటి జపాన్ సంస్థలున్నాయి. అలాంటిచోట ఏడాది ఇంజినీరుగా పనిచేసినవారిని కంపెనీ తలచుకుంటే బదిలీ వీసాపై జపాన్ పంపవచ్చు. పంపాలన్న నియమం మాత్రం లేదు. చేరేటప్పుడే, ఇంతకుముందు ఎవరినైనా పంపారా అని హెచ్‌ఆర్‌ను అడగండి.

ఆ ఉద్యోగం చేతిలో లేకపోతే నా ఓటు జర్మనీకే. అలాగని ముందు ఆపర్చునిటీ కార్డు (జర్మనీలో ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి) మీద వెళ్లిపోయి అక్కడ వెతుక్కుందామనుకోకండి. అప్పటికే బీ1 వచ్చి, నెలకు 1,091 యూరోల చొప్పున ఏడాది డబ్బు బ్యాంకులో వేయగల ఇంటివారికి అది సరే. పొలం తాకట్టు పెట్టాల్సివస్తే ఇక్కడి నుంచే దరఖాస్తులు పంపండి.