అర్క కిరణ్ జామ: 10 గుంటల నుంచి ఎకరం దాకా, ఆరేళ్ల అనుభవం

బెంగళూరు పక్క దొడ్డబళ్ళాపురం దగ్గర మా మామగారి ఎర్రనేలలో 2018 ఆషాఢంలో అర్క కిరణ్ జామ నాటాను. ఎకరమంతా ఖాళీగానే ఉన్నా 10 గుంటలే (పావు ఎకరం) తీసుకుని, 3 మీటర్లకు 2 మీటర్ల ఎడంతో 160 మొక్కలు పెట్టాను. "ఇంత నేల ఉంచుకుని ఇదేమి సాగమ్మా?" అని మామగారు నొచ్చుకున్నారు. ఆ 10 గుంటలే మమ్మల్ని కాపాడాయి.

కమ్సారి, పర్పుల్ లోకల్ రకాలను సంకరపరచి హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన రకం ఇది. గుజ్జు నిండు ఎరుపు. 100 గ్రాములకు 7 మిల్లీగ్రాములకు పైగా లైకోపీన్ (ఎరుపునిచ్చే పదార్థం) ఉంటుందని ఆ సంస్థ లెక్క. నన్ను కట్టిపడేసింది మాత్రం వాసన. బుట్ట గదిలో పెడితే, తలుపు తీయగానే కాయ పండిన సంగతి తెలిసిపోతుంది.

తొందరపడి మొక్కలను దారిలోని ఒక నర్సరీలో కొన్నాను. మరుసటి వేసవికి కొన్ని చెట్ల ఆకులు కంచు రంగుకు తిరిగాయి. నీరు చాలలేదనుకుని డ్రిప్పు ఇంకో గంట వదిలాను, గుణం కనిపించలేదు. ఒక మొక్కను పీకి చూస్తే వేళ్ల నిండా ఆవగింజ మొదలు శనగగింజ దాకా బుడిపెలు. నులిపురుగులు! నర్సరీ సంచి మట్టిలోనే వచ్చాయి. 27 మొక్కలు పీకి కాల్చేశాము. మిగిలిన పాదుల్లో నులిపురుగులను తినే శిలీంధ్రం కలిపి మగ్గబెట్టిన వేపపిండి వేసి, వరుసల మధ్య బంతి నాటాము. ఆ పురుగు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. (ఆ దసరాకు జామ కంటే బంతిపూలే ఎక్కువ డబ్బు తెచ్చాయి.) ఎకరమంతా నాటి ఉంటే 670 మొక్కలకు ఈ బాధ వచ్చేది. సంచి చించి వేరు చూడనివ్వని చోట మొక్కలు కొనకండి. 2021లో 15 గుంటలకు, 2023లో మిగిలిన 15 గుంటలకు నేను హెసరఘట్ట నుంచే తెచ్చుకున్నాను.

జామ కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి మే నెలలో కొమ్మలు కత్తిరిస్తాము, చలికాలానికి కాయ దిగుతుంది. వానాకాలపు కాయ చప్పగా ఉంటుంది, పండు ఈగ బెడద కూడా అప్పుడే. మిథైల్ యూజినాల్ అనే వాసన మందు ఎరకు వచ్చేవి మగ ఈగలే. రాలిన కాయలు ఏరి లోతుగా పూడ్చకపోతే ఆ ఎరలు దండగ.

ఈ రకంలో పెద్ద లోపం నిలవ. పండాక రెండు రోజులకే మెత్తబడుతుంది. కాయ కూడా మధ్యరకం, 200 గ్రాములు దాటితే గొప్ప. టోకు మండీలో పెద్ద తెల్లజామ పక్కన దీన్ని ఎవరూ చూడలేదు. మొదటి ఏడాది బండి బాడుగ కూడా రాలేదు. లోపలి ఎరుపు పైకి కనిపించదు మరి.

అప్పటి నుంచి బెంగళూరులోని యలహంకలో అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఆదివారాలు అమ్ముతున్నాము. శనివారం సాయంత్రం, ఆకుపచ్చ లేతబడుతున్న దోరకాయను తొడిమతో కోస్తాము. గేటు దగ్గర ముందుగా ఒక కాయను నిలువునా చీల్చి, ఉప్పూకారం చల్లి పళ్లెంలో పెడతాను. కత్తి దిగి ఎరుపు బయటపడగానే పిల్లలు దగ్గరకు వస్తారు, వెనకే పెద్దలు. పళ్లెం పెట్టిన మొదటి ఆదివారమే 60 కిలోలు పోయాయి. నగరానికి గంట దూరంలో తోట ఉన్నవారికి ఈ రకం కళ్లు మూసుకుని చెబుతాను. సరుకు లారీకెక్కించి దూరం పంపేవారు దీని జోలికి పోవద్దు.

మిగిలిన కాయలను సోమవారం అత్తయ్య గుజ్జు తీసి గింజ వడకట్టి పెడతారు. ఈ మధ్య ఆ గుజ్జు కోసం బుధవారం ఫోన్లు వస్తున్నాయి.