ఒంట్లో బాగోనప్పుడు ఏది మేలు? మిరియాల చారా, పెసరకట్టా, చికెన్ సూపా?

జలుబైనా, జ్వరమైనా, విరేచనాలైనా మన ఇళ్లలో చాలామంది ముందు కాచేది మిరియాల చారే. అది ఎంత మంచిదైనా అన్నిటికీ పనికిరాదు. పొయ్యి వెలిగించే ముందు బాధ ఎక్కడుందో చూడాలి: ముక్కూ గొంతులోనా, కడుపులోనా, లేక జ్వరం తగ్గాక మిగిలిన నీరసమా?

ముక్కుదిబ్బడ, గొంతునొప్పి అయితే నా ఓటు మిరియాల చారుకే. వేడి ఆవిరికీ, మిరియాల ఘాటుకీ పట్టేసిన ముక్కు కాసేపైనా వదులుతుంది. నోరు చప్పబడి అన్నం సహించనివాళ్లకు ఆ పులుపు తగిలితే రెండు ముద్దలు దిగుతాయి. నలుగురికి పెద్ద ఉసిరికాయంత చింతపండు, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు చాలు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి, చింతపండు రసం పచ్చివాసన పోయేదాకా మరిగాకే వెయ్యాలి. ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి, లేకపోతే సువాసనంతా ఆవిరైపోతుంది. పిల్లలకైతే మిరియాలు సగానికి తగ్గించండి.

అదే చారు వాంతులు, విరేచనాలు అవుతున్న మనిషికి ఇస్తే అసలే మండుతున్న కడుపులో పులుపూ కారమూ పోసినట్టే. ఎసిడిటీ ఉన్నవాళ్లకూ అంతే. అప్పుడు బియ్యం గంజి కాచండి. గుప్పెడు నూకల్ని పది రెట్లు నీళ్లలో మెత్తగా ఉడికించి, చిటికెడు ఉప్పు వేస్తే సరి. గంజిలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజ్‌గా మారుతుంది. ఆ గ్లూకోజ్ ఉప్పునూ నీటినీ తనతో పాటు ఒంట్లోకి తీసుకెళ్తుంది. విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి ఇచ్చే ఉప్పు, గ్లూకోజ్ పొడి ఓఆర్ఎస్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. అయినా విరేచనాలు ఎక్కువగా ఉంటే గంజి ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఓఆర్ఎస్ ప్యాకెట్ నీళ్లలో కలిపి ఇవ్వాల్సిందే. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా తలకొట్టి కొలవాలి. గ్లాసుడు ఒకేసారి తాగించొద్దు, వాంతి అవుతుంది. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. మూత్రం బాగా తగ్గినా, మనిషి మగతగా పడి ఉన్నా వంటింటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

జ్వరం దిగాక వచ్చే నీరసానికి నాకు అన్నిటికన్నా నమ్మకం పెసరకట్టు మీదే. చారులోనూ గంజిలోనూ పెద్దగా లేని ప్రొటీన్ ఇందులో ఉంది. ముప్పై గ్రాముల పెసరపప్పులో సుమారు ఏడు గ్రాములు ఉంటుంది. కందిపప్పు కన్నా తేలిగ్గా అరుగుతుందని పథ్యంలో పెద్దవాళ్లు దీన్నే పెట్టేవారు. పప్పు మెత్తగా ఉడికించి, మెదిపి, నీళ్లు పోసి పల్చన చేసి, కాస్త నేతిలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టాలి. దించాక నిమ్మరసం పిండాలి. పైనున్న తేట మాత్రం పోసిచ్చి పప్పు అడుగున వదిలేస్తే లాభం లేదు, గరిటెతో కలిపి ఇవ్వండి.

చికెన్ సూప్‌కి పేరెక్కువ. అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ పరిశోధకులు 2000లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వాపును పెంచే తెల్లరక్తకణాల కదలికను ఈ సూప్ కొంత తగ్గించిందని తేలింది. కానీ అది ల్యాబ్‌లో చేసిన పరీక్ష, జలుబు చేసిన మనుషుల మీద చేసింది కాదు. నా దృష్టిలో దీని అసలు బలం మాంసమే. ముక్కలు తీసి పక్కన పెట్టి, నీళ్లు మాత్రం తాగించి ‘బలం’ అనుకుంటారు చాలామంది. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఆ ముక్కల్లోనే ఉండిపోతుంది. మెత్తగా ఉడికిన ముక్కను పీచులుగా చీల్చి సూప్‌లోనే కలపాలి. పైన తేలిన కొవ్వు తీసెయ్యాలి. జ్వరం బాగా కాస్తున్న రోజున ఇది బరువు. ఆకలి తిరిగి పుట్టాక ఇస్తే ఇష్టంగా తాగుతారు. మాంసం తినని ఇంట్లో అదే సమయానికి పెసరకట్టును కాస్త చిక్కగా చేసి, మెత్తగా ఉడికిన క్యారెట్, సొరకాయ ముక్కలు కలిపితే సరిపోతుంది.