రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400ఎఫ్: మూడేళ్ల వాడకంలో తేలినవి

ఈ రెండు ప్రాసెసర్లూ 2022లోనే వచ్చాయి, ఇంటెల్ వారి కోర్ ఐ5 జనవరిలో, ఏఎండీ వారి రైజెన్ ఏప్రిల్‌లో. రెండింటిలోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండూ 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తాయి, రెండిటికీ సొంత గ్రాఫిక్స్ లేవు. ఒకే ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డును అటూ ఇటూ మారుస్తూ, రెండు వైపులా 8 జీబీ స్టిక్కులు రెండేసి డీడీఆర్4-3200 ర్యామ్ పెట్టి మూడేళ్లకు పైగా నడిపాక తేలింది ఒక్కటే. గేముల్లో ఈ రెండిటి మధ్య తేడా వెతికితే గానీ దొరకదు. ర్యామ్ సెట్టింగ్, బోర్డు, కూలర్ దగ్గర జరిగే పొరపాట్లకు పోయే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) మాత్రం దానికి ఎన్నో రెట్లు.

గేముల సంగతి ముందు ముగిద్దాం. 1080పీలో హై సెట్టింగ్స్ పెడితే కొత్త పెద్ద గేముల్లో కార్డు 97, 99 శాతం దగ్గర నిండిపోతుంది. ప్రాసెసర్ ఏదైనా అంకె ఒకటే. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి లో సెట్టింగ్స్‌లో ఆడితేనే భారం ప్రాసెసర్ మీద పడుతుంది. అక్కడ కూడా ఒక గేమ్‌లో ఇది, ఇంకో గేమ్‌లో అది కొద్ది శాతం ముందుంటాయి. ఇంటెల్ కోరు ఒక్కో క్లాక్ టిక్కుకు ఎక్కువ పని చేస్తుంది. ఏఎండీ వైపు ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, ఇంటెల్ వైపు 18 ఎంబీ. క్యాష్ మీద ఆధారపడే గేముల్లో ఆ లోటు ఏఎండీకి పూడుతుంది. 144 లేదా 165 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చున్నవాళ్లకు ఈ తేడా కంటికి కనబడదు.

కనబడేది ర్యామ్ తేడా. షాపులో అసెంబుల్ చేయించిన పీసీ ఇంటికి రాగానే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిచి స్పీడ్ చూడండి. 3200 స్టిక్కులు కొన్నా అక్కడ 2133 గానీ 2400 గానీ 2666 గానీ కనిపిస్తే బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదని అర్థం. ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఒక్కోసారి డీఓసీపీ అని ఉంటుంది. రెండో పొరపాటు ఇంకా చేటు: 16 జీబీ ఒకే స్టిక్ పెట్టడం. మెమరీ ఒక్క చానెల్‌లోనే నడుస్తుంది కాబట్టి సగటు ఎఫ్‌పీఎస్ కన్నా 1% లోస్ (అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్) ఎక్కువ పడిపోతాయి. గేమ్ 120 చూపిస్తూనే మూల తిరిగినప్పుడల్లా గతుక్కుమంటుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే, ప్రాసెసర్‌ను కాదు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి.

3200 దాటి వెళ్లాలనుకుంటే ఇద్దరి దారులూ వేరు. రైజెన్‌లో కోర్లకీ మెమరీ కంట్రోలర్‌కీ మధ్య నడిచే ఇన్ఫినిటీ ఫాబ్రిక్ ర్యామ్ గడియారంతో ఒకటికి ఒకటిగా నడిస్తేనే లాభం. డీడీఆర్4-3600 పెట్టి ఎఫ్‌క్లాక్ (ఆ ఫాబ్రిక్ వేగం) 3600లో సగమైన 1800గా ఉంచితే ఈ చిప్‌లు సాధారణంగా నిలబడతాయి, 1% లోస్ కాస్త మెరుగవుతాయి. ఇంటెల్‌లో లాక్ చేసిన 12400ఎఫ్‌కు మెమరీ కంట్రోలర్ వోల్టేజీ పెంచనివ్వరు. అందుకని 3600 పెడితే కొన్ని చిప్‌లు గేర్ 1లో, అంటే కంట్రోలర్, ర్యామ్ ఒకే వేగంతో నడిచే పద్ధతిలో, నిలబడవు. బోర్డు చెప్పకుండానే గేర్ 2కి దిగి, మెమరీ కంట్రోలర్‌ను సగం వేగంతో నడుపుతుంది. అప్పుడు 3600 కన్నా 3200 గేర్ 1 నయం. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెమరీ పేజీ తెరిస్తే కంట్రోలర్ ఫ్రీక్వెన్సీ, డీరామ్ ఫ్రీక్వెన్సీ రెండూ 1600 (3200లో సగం) దగ్గర సమానంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. చవక రకం ఇంటెల్ బోర్డు హెచ్610 అయితే ఈ చర్చే అక్కర్లేదు, 3200 దగ్గరే హద్దు.

బోర్డు ఎంపికలో 12400ఎఫ్‌ది సులువైన దారి. చవక హెచ్610 మీద కూడా గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐఈ 4.0 (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి; 3.0 కన్నా వేగం) వస్తుంది. పోయేదల్లా ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ 3.0 వేగంతో ఉండటం, అది రోజువారీ పనిలో తెలియదు. రైజెన్‌కు బీ450 గానీ ఏ520 గానీ బోర్డు తగిలిస్తే గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐఈ 3.0కే పరిమితం. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు ఆ దారిలోని పదహారు వరసల్లో (లేన్లలో) ఎనిమిదే వాడతాయి, అయినా నష్టం చాలావరకు స్వల్పమే. నాలుగు లేన్ల ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని మాత్రం 3.0 బోర్డులో పెట్టకూడదు. దానికి 4 జీబీ మెమరీ చాలక సిస్టమ్ ర్యామ్‌కు పరుగులు తీయాల్సి వస్తుంది, ఆ దారే ఇరుకైతే ఎఫ్‌పీఎస్ కుప్పకూలుతుంది. రైజెన్ కొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త: పేరులో వంద తేడాతో ఉండే 5500ని "దాదాపు అదే" అని అంటగడితే ఒప్పుకోవద్దు. దాని క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0. 5600జీదీ అదే పరిస్థితి. కార్డు పెట్టి గేములాడేవాళ్లకు అవి 5600కు సాటి కావు.

ఇక వేడి. మన ఎండల్లో దీన్ని తక్కువగా చూడకూడదు. కాయితం మీద రెండూ 65 వాట్ల చిప్‌లే. అసలు లెక్కలు వేరు: 5600 సాకెట్ నుంచి తీసుకునే గరిష్ఠం 76 వాట్లు, 12400ఎఫ్‌కు కొద్దిసేపటికి 117 వాట్ల దాకా అనుమతి. అన్ని కోర్ల మీదా భారం వేసినా 12400ఎఫ్ 117కు వెళ్లదు, 70ల్లోనే ఆగుతుంది. అంటే ఇద్దరూ తాగే కరెంటు దగ్గర దగ్గరే. అయినా రైజెన్ ఎప్పుడూ ఎక్కువ డిగ్రీలు చూపిస్తుంది, లోపం ఉండి కాదు. 5600లో కోర్లున్న ముక్క సుమారు 81 చదరపు మిల్లీమీటర్లే, అదీ మూత కింద ఓ పక్కకు ఉంటుంది. ఆరు కోర్ల ఇంటెల్ చిప్ సుమారు 163. అంతే వేడి సగం చోటులోంచి బయటికి రావాలి.

కూలర్ ఏదైనా గది ఎంత వేడెక్కితే చిప్ అంత వేడెక్కుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలప్పుడు గేమ్‌లో 70 దాటని 5600, మే నెల మధ్యాహ్నం గది 37కు చేరితే పెట్టెలో వచ్చిన రైత్ స్టెల్త్ కూలర్‌తో 80 పైకి పోతుంది. 90 దీని హద్దు. ఇంటెల్ హద్దు 100, దాని లామినార్ కూలర్ కూడా అదే ఎండలో కాస్త తేలిగ్గా నెట్టుకొస్తుంది. మన ఊళ్లలో రైజెన్ తీసుకుంటే నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ ధరను మొదటి రోజే బడ్జెట్‌లో కలుపుకోండి. ఇంటెల్ తీసుకుంటే వేసవి దాకా ఆగి చూసి నిర్ణయించుకోవచ్చు.

కూలర్ బిగింపులో తప్పులు ఇద్దరికీ ఉన్నాయి. ఇంటెల్ కూలర్ నాలుగు ప్లాస్టిక్ మేకుల్లో ఒకటి సగమే దిగితే విండోస్ తెరుచుకునే లోపే 90లు కనబడతాయి. ఎదురెదురు మూలల జతలుగా నొక్కి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు నల్ల మొనలూ బయటికి వచ్చాయో లేదో చూడాలి. రైత్ స్టెల్త్‌కు స్క్రూలు. దాని కోసం బోర్డు మీద ముందే ఉన్న ప్లాస్టిక్ పట్టీలు విప్పాలి. విప్పగానే వెనక పలక ఊడి కింద పడుతుంది, చేత్తో పట్టుకుని ఉండాలి. పాత ఇంటెల్ కూలర్లు 12400ఎఫ్‌కు నేరుగా పట్టవు, రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకు మారింది. సాకెట్ చిప్‌ను వంచుతుందని చెప్పి అమ్మే కాంటాక్ట్ ఫ్రేమ్ ఈ చిన్న చిప్‌కు అక్కర్లేదు.

రోజువారీ పనిలో నాకు 12400ఎఫ్ ఎక్కువ నచ్చింది. బ్రౌజర్, ఎక్సెల్, జిప్ విప్పడం లాంటి ఒక కోరు పనుల్లో కాస్త చురుకు. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్షలోనూ అన్ని కోర్లతో 5600 సుమారు 11 వేల దగ్గర ఉంటే ఇది 12 వేలు దాటుతుంది. ఆ అంకె రాకపోతే బోర్డు 28 సెకన్ల తర్వాత 65 వాట్లకు కుదిస్తోందేమో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూడండి. గేములకు ఆ కుదింపు అడ్డురాదు. ఖాళీగా ఉన్నప్పుడు ఇంటెల్ చిప్ తాగేది పది వాట్ల లోపు, రైజెన్ 20 వాట్ల చుట్టూ, కారణం మెమరీ, పీసీఐఈ చూసుకునే దాని వేరే ఐఓ ముక్క నిద్రపోకపోవడం. రోజుకు పది గంటలు నడిచే పీసీలో 12 వాట్ల తేడా నెలకు మూడున్నర యూనిట్లు. బిల్లులో పెద్దగా కనిపించదు గానీ కరెంటు పోయి యూపీఎస్ మీద ఉన్నప్పుడు తెలుస్తుంది.

రైజెన్‌తో ఇంకో చికాకు: బ్రౌజర్ తెరవగానే వేడి 45 నుంచి 60కి ఎగిరి, ఫ్యాన్ హూ అని లేచి మళ్లీ పడుకుంటుంది. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్‌ను (వేడిని బట్టి ఫ్యాన్ వేగం చెప్పే గీతను) 60 డిగ్రీల దాకా చదునుగా ఉంచి, ఫ్యాన్ స్పందించే ఆలస్యాన్ని మూడు నుంచి ఐదు సెకన్లకు పెంచితే ఆ గోల పోతుంది. బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్ నత్తలా నడిస్తే ప్రాసెసర్‌ను తిట్టక్కర్లేదు. చాలా ఏఎండీ బోర్డుల్లో ఎమ్యులేటర్లకు కావాల్సిన వర్చువలైజేషన్ సెట్టింగ్, ఎస్‌వీఎం మోడ్, ఆఫ్‌లో వస్తుంది, ఆన్ చేయాలి. వీడియో ఎడిటింగే ప్రధానమైతే మాత్రం ఈ రెండూ వదిలి ఎఫ్ లేని, సొంత గ్రాఫిక్స్ ఉన్న 12400 తీసుకోండి. అందులోని వీడియో భాగం క్విక్ సింక్ ఫోన్ వీడియోల టైమ్‌లైన్‌ను తేలిక చేస్తుంది. పైగా గ్రాఫిక్స్ కార్డు పాడైన రోజు స్క్రీన్ చీకటి కాదు.

నిలకడ విషయానికొస్తే 12400ఎఫ్ పెట్టి మరిచిపోయే రకం. రైజెన్ మొదట్లో కొంత శ్రద్ధ అడుగుతుంది. గేమ్ మధ్యలో ధ్వని సహా క్షణంపాటు ఆగే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) సమస్య ఉన్న పాత బోర్డుకు అగీసా (బయోస్‌లోని ఏఎండీ కోడ్) 1.2.0.7 లేదా ఆ తర్వాతిది ఉన్న బయోస్ వేయాలి. వేసేముందు విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, రికవరీ కీ రాసి పెట్టుకోండి. బయోస్ మారాక ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయమంటారా అని అడుగుతుంది, అప్పుడు రీసెట్ చేసి, కీ లేకపోతే డేటా పోయినట్టే. ఎక్స్‌ఎంపీ, ఎస్‌వీఎం కూడా మళ్లీ ఆఫ్ అవుతాయి.

శ్రద్ధ పెట్టేవాళ్లకు రైజెన్ తిరిగి ఇచ్చేదీ ఉంది. బీ450, బీ550 బోర్డుల్లో బయోస్‌లో పీబీఓ కింద కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోర్ల వోల్టేజీని తగ్గించే సెట్టింగ్‌లో) అన్ని కోర్లకూ నెగటివ్ 15 పెడితే వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, వేగం తగ్గదు. అత్యాశతో 30 పెడితే సినీబెంచ్ గంటసేపు బాగానే నడిచి, రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. తక్కువ భారంలో, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వోల్టేజీ చాలకపోవడం దీనికి కారణం. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ 18 (హార్డ్‌వేర్ తప్పు నమోదు) కనబడితే ఐదేసి చొప్పున వెనక్కి తగ్గించండి. కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో కోరూ విడిగా పరీక్షిస్తే ఏది బలహీనమో తెలుస్తుంది.

ముందు ముందు మార్చుకునే దారి చూసుకుంటే రైజెన్‌దే పైచేయి. అదే బోర్డులో బయోస్ మార్చి 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ గానీ 5800ఎక్స్3డీ గానీ పెట్టొచ్చు. కౌంటర్-స్ట్రైక్ 2, ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటివాటిలో అది తరం మారినంత తేడా, అయితే ఆర్‌ఎక్స్ 6600 కన్నా గట్టి కార్డు ఉండాలి. ఇంటెల్ బోర్డు కూడా 13, 14 తరాల చిప్‌లను తీసుకుంటుంది. కానీ ఐ7లను చవక హెచ్610 మోయలేదు. ఆ తరాల్లో వోల్టేజీ వల్ల చిప్ క్షీణించే సమస్యకు 2024 సెప్టెంబరులో ఇచ్చిన 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (చిప్ లోపలి నియమాల కోడ్) లేదా ఆ తర్వాతిది ఉన్న బయోస్ తప్పనిసరి. 12400ఎఫ్‌కు ఆ బెడద లేదు.

వాడిన ఎక్స్3డీ చిప్ కొంటుంటే దాని కింది పిన్నులను వెలుతురుకు ఎదురుగా పెట్టి, వరసల వెంట అడ్డంగా నిలువుగా చూడండి. ఒక్కటి వంగినా వరసలో తేలిపోతుంది. పాత 5600 తీసేటప్పుడు పది నిమిషాలు గేమ్ నడిపి, పేస్ట్ వేడిగా మెత్తగా ఉండగానే పీసీ ఆపి ప్లగ్గు పీకి, కూలర్‌ను పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేయండి. చల్లగా ఉన్నప్పుడు లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది.