రీబిల్డ్ చేసిన క్రాంక్ కొంటున్నారా? కొలవకుండా ఇంజన్‌లోకి ఎక్కించకండి

డర్ట్ బైక్ పార్టులు కొనేవాళ్లందరికీ చెప్తున్నాను. "రీబిల్డ్ చేశాం, ట్రూ చేశాం, నేరుగా బిగించుకోవచ్చు" అని టూ స్ట్రోక్ క్రాంక్‌లు అమ్మే ఆ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. క్రాంక్ అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలితే గుండ్రంగా తిరిగే షాఫ్ట్, రాడ్ అంటే దాన్ని పిస్టన్‌కి కలిపే కడ్డీ, ట్రూ చేయడమంటే వంకర లేకుండా తిరిగేలా సరిచేయడం. కొత్త రాడ్ కిట్, నిగనిగలాడే ఫొటోలు. అవి చూసే నేనూ కొన్నాను, నిండా మోసపోయాను.

ఇంజన్ మొత్తం విప్పి, కేసింగ్ వేడి చేసి కొత్త మెయిన్ బేరింగులు దించాను. క్రాంక్‌ని సుత్తితో కొట్టలేదు, పుల్లర్‌తోనే లోపలికి లాగాను. రెండు కేసింగులూ కలిపి బోల్టులు బిగించి చేత్తో తిప్పితే కదల్లేదు. ఫ్లైవీల్‌ని రెండు చేతులా పట్టుకుని బలం పెడితే భారంగా కదిలి, ఒకచోటికి వచ్చేసరికి పట్టేసింది. మళ్లీ తిప్పాను. మళ్లీ సరిగ్గా అక్కడే.

తప్పు నాదే అనుకున్నాను. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూశాను. సీళ్లు పొడిగా ఉన్నాయేమోనని ఆయిల్ రాశాను. కేసింగ్ బిగించేటప్పుడు క్రాంక్ ఒక పక్కకు ఒత్తుకుపోయినా టైట్‌గానే తిరుగుతుంది. అలాంటప్పుడు ప్లాస్టిక్ సుత్తితో రెండు చివర్లా మెల్లగా తడితే బేరింగుల మధ్య సర్దుకుంటుంది. అదీ చేశాను. మిగతా చుట్టంతా కాస్త తేలికైంది గానీ ఆ ఒక్కచోటు మాత్రం అలాగే ఉంది. బేరింగులు తప్పు రకం తెచ్చానేమోనని నంబర్లు కూడా చూశాను, సీ3 అనే ఉంది. ఆ రకంలో లోపలి సందు మామూలు వాటికన్నా ఎక్కువ, కేసింగులో బిగిశాక కూడా తిరిగే చోటు మిగలాలని అలా చేస్తారు. కాబట్టి తేడా అక్కడా లేదు.

అప్పుడు క్రాంక్ అమ్మినతనికి ఫోన్ చేసి జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏం కాదన్నా, కొత్త రాడ్ కదా, టైట్‌గానే ఉంటుంది. బిగించేసి స్టార్ట్ చెయ్యండి, నాలుగు రౌండ్లు తిరిగితే అదే వదులవుతుంది" అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. చేత్తో తిప్పితేనే పట్టేసే క్రాంక్‌తో ఇంజన్ స్టార్ట్ చేస్తే ఏమవుతుందో రోజూ క్రాంక్‌లు ప్రెస్ చేసి కూర్చేవాడికి తెలియదా? సందు లేనిచోటికి ఆయిల్ వెళ్లదు. ఆయిల్ వెళ్లకపోతే ఇనుము వేడికి నీలంగా మారి సీజ్ అవుతుంది, అంటే పట్టేసి ఆగిపోతుంది. గేరులో వేగంగా వెళ్తుండగా ఇంజన్ సీజ్ అయితే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. రాడ్ విరిగితే కేసింగ్ పగులుతుంది. ఇంత తెలిసినవాడు ఒక పార్టు వాపసు రాకూడదని నన్ను ఆ బండి ఎక్కమన్నాడు.

ఎక్కలేదు. మళ్లీ మొత్తం విప్పి క్రాంక్ బయటికి తీశాను. రాడ్‌ని పట్టుకుని పక్కకి ఆడిస్తే కొంచెమైనా జరగాలి. ఇది జరగలేదు. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా సన్నని ఆకు, 0.05 మిల్లీమీటర్లది, రాడ్‌కీ పక్కనున్న వెబ్‌కీ మధ్య పెట్టాను. వెబ్‌లంటే రాడ్ తిరిగే పిన్నుని రెండు పక్కలా పట్టుకునే పళ్లేలు. పిన్నుకి ఒక వైపు దూరింది, రెండో వైపు మొన కూడా పోలేదు. రెండు వెబ్‌లూ సమానంగా నిలబడి లేవన్నమాట. వీ ఆకారం గాడి ఉన్న బ్లాకుల మీద పెట్టి, వంకర ఎంతో చూపే డయల్ గేజ్ ఆనించి తిప్పితే ముల్లు 0.21 మిల్లీమీటర్ల దాకా వెళ్లింది. నా ఇంజన్ మాన్యువల్ ఒప్పుకునేది 0.05 మాత్రమే.

ఫొటోలు, వీడియో అన్నీ పంపాను. వచ్చిన జవాబు ఇది: "సుత్తితో కొట్టానని నువ్వే చెప్పావ్ కదా. కొట్టి వంచేసి నా మీద పెట్టకు. బిగించిన పార్టు వాపసు తీసుకోం." మొన్నటిదాకా అన్నా, అండీ అన్నవాడు నువ్వు దగ్గరికి వచ్చేశాడు. ప్లాస్టిక్ సుత్తితో తట్టానని దాపరికం లేకుండా చెప్పింది నేను, ఆ మాటనే పట్టుకుని నన్ను దొంగని చేశాడు. షాఫ్ట్ చివర మర మీద ఒక్క దెబ్బ గుర్తు లేదు, అది ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. అదే మాట తిరిగి రాస్తే నా నంబరు బ్లాక్ చేశాడు.

నా మీద నాకు కోపం వచ్చే సంగతి ఒకటుంది. ఆ డయల్ గేజ్ మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉంది. క్రాంక్ పార్శిల్ విప్పగానే కొలిచి ఉంటే "బిగించిన పార్టు" అనే మాటే వచ్చేది కాదు. పది నిమిషాల పని. ఫొటోలు నమ్మి వదిలేశాను. క్రాంక్ బయటికి లాగినప్పుడు కొత్త బేరింగులు పాడయ్యాయి, సీళ్లు కూడా పోయాయి.

కొనేవాళ్లు పార్శిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి, రాడ్ పక్క సందు, డయల్ గేజ్‌తో క్రాంక్ వంకర రెండూ కొలిచాకే కేసింగ్ ముట్టుకోండి. బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తూ మధ్యమధ్యలో తిప్పి చూడండి. చుట్టంతా ఒకేలా టైట్‌గా ఉంటే ముందు బేరింగులు, పక్క ఒత్తిడి చూడండి. ప్రతి చుట్టులో ఒకేచోట పడుతుంటే క్రాంక్‌నే అనుమానించండి. ఎవరు చెప్పినా కిక్ మాత్రం కొట్టకండి.

ఇది రాసేముందు చూశాను. ఆ ప్రకటన ఇంకా ఉంది, "ట్రూ చేశాం" అన్న మాటతో సహా.