పాత రాతి వంతెనకు సిమెంటా, గానుగ సున్నమా: ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గెడ్డల (వాగుల) మీద నిలిచి ఉన్న పాత రాతి కమాను వంతెనలకు మరమ్మతు అనగానే అందరికీ ముందు తట్టేది సిమెంటే. బస్తా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, తాపీ మేస్త్రికి చేయి తిరిగిన పని, తెల్లారేసరికి గట్టిపడుతుంది. గానుగ సున్నానికి ఈ సుళువులేవీ లేవు. కాల్చిన సున్నాన్ని నీళ్లలో ఊరబెట్టి, ఇసుక, ఇటుకపొడి కలిపి రుబ్బాలి. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక, వారాల తరబడి తడి గోనెపట్టాలు కప్పి కాయాలి. వానాకాలంలో ఆ పని పెట్టుకోకూడదు.

అయినా నా ఓటు సున్నానికే. రాళ్ల మధ్య అతుకులను సిమెంటుతో పూసిన పాత గోడను దగ్గరగా చూస్తే కారణం కనిపిస్తుంది: సిమెంటు గీత నరంలా ఉబ్బి నిలుస్తుంది, దానికి అటూ ఇటూ రాయి గుంటపడి, వేలితో రాస్తే ఎర్రటి పొడిగా రాలుతుంది. మన ప్రాంతపు కట్టడాల్లో తరచుగా కనిపించే ఖొండలైటు రాయి తేమకు తేలికగా శిథిలమవుతుంది. లోపలి తడి సున్నపు అతుకుల గుండా బయటికి ఆవిరవుతుంది; సిమెంటు ఆ దారి మూసేస్తే, తడీ, దానితోపాటు ఉప్పూ రాతిలోంచే బయటపడాలి. అతుకు రాయి కంటే మెత్తగా ఉండాలి, పాడైతే ముందు అదే పాడవ్వాలి. అతుకును మళ్లీ పూయవచ్చు గానీ, రాలిపోయిన చెక్కడపు రాయిని తేలేము. పైగా ఎండకూ బరువుకూ కమాను కాస్త కదులుతూనే ఉంటుంది, ఆ కదలికను సున్నం ఓర్చుకుంటుంది. కమాను అడుగున జాలీ కట్టి సిమెంటు చిమ్మించడం మరీ అన్యాయం, ఎందుకంటే ఆ పొర వెనుక రాళ్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆ తరువాత ఎవరికీ కనబడదు.

పునాది మాట వేరు. 1876 వరదలో నాగావళి శ్రీకాకుళం వంతెన కమానులు కొన్నింటిని ఊడ్చుకుపోయింది. 2016లో మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రీ నది మీది బ్రిటిష్ కాలపు వంతెన కూడా వరదలోనే కూలింది. ఇటువంటి వంతెనలకు పెద్ద శత్రువు దిమ్మల కింద మన్నును కోసుకుపోయే నీరు. కాబట్టి దిమ్మల చుట్టూ నది అడుగున కాంక్రీటు తాపడం వేసినా, బండరాళ్లు పరిచినా నాకు అభ్యంతరం లేదు. అక్కడ ఛాందసం పనికిరాదు.

ఇక బరువు. ఇసుక లారీలు ఆ వంతెన మీదే తిరగాలంటే సున్నం ఒక్కటే కాపాడలేదు. పక్కన కొత్త వంతెన కట్టి, పాతదాన్ని నడకకూ సైకిళ్లకూ వదలడం ఖర్చయినా మంచి దారి. అయితే కొత్త దిమ్మలు పాత దిమ్మల వరుసలోనే పడాలి. పక్కకు జరిగితే ప్రవాహం మళ్లి పాత పునాదినే కోస్తుంది.

ఏ దారి పట్టినా, టెండరు పిలవక ముందే పాత అతుకు నుంచి పిడికెడు ముద్ద తీసి యాసిడ్‌లో వేయించాలి. సున్నం కరిగిపోయి ఇసుక, ఇటుకపొడి అడుగున మిగులుతాయి, వాటిని తూచితే పాత మేస్త్రి కలిపిన పాళ్లు తెలుస్తాయి; కొత్త అంచనాలో రాయవలసింది ఆ పాళ్లే.