ఒడిశా పర్లాకిమిడిలో పాత హెచ్‌ఎంటీ వాచీలు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

దుకాణం పేరు రాయను. ఎవరో మీకే తెలుస్తుంది.

మా నాన్న సర్వీసంతా హెచ్‌ఎంటీ పైలట్ అనే నల్ల డయలు మోడలే పెట్టుకున్నారు. అద్దానికి దెబ్బ తగలకుండా డయల్ని మణికట్టు లోపలివైపు తిప్పుకునే రకం ఆయన. అది పోయాక అలాంటిదే కావాలన్నారు. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసేస్తున్నామని కేంద్రం చెప్పిన దగ్గర్నుంచి పాతవాటికి గిరాకీ ఎక్కింది, దాంతోపాటు ఈ దొంగ సరుకూ ఎక్కింది. ఈ దుకాణాయనేమో "రండి బాబూ, మీ నాన్నగారు నాకు తెలీదా, మీకు పాడు సరుకు ఇస్తానా? పేటి విప్పని స్టాకు" అని ఒకటే తెలుగు, తేనె కారుతూ. 2,800 ఇచ్చాను. బిల్లు అడిగితే "మనలో మనకి బిల్లేటి" అన్నాడు. నా తెలివికి దండ వెయ్యాలి, చీటీ కూడా తీసుకోలేదు.

వారం తిరక్కుండానే వాచీ ఆగిపోయింది. కీ నిండుగా ఉంది, మిషను బాగానే ఉంది. చూస్తే పెద్దముల్లు కింద నల్లరంగు పెచ్చు ఇరుక్కుంది! శ్రీకాకుళంలో రిపేరాయన మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి నవ్వాడు. పెచ్చు ఊడిన చోట తెల్ల డయలు, దాని మీద సగం చెరిగిన హిందీ అక్షరాలు: జనతా. అదీ హెచ్‌ఎంటీ మోడలే. జనతా డయలు మీద నల్లరంగు పూసి పైలట్ అని అచ్చేశారు. రెండింట్లోనూ కీ ఇచ్చే 17 జ్యుయెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు) మిషనే, లోపల చూసినా నాలాంటివాడికి తేడా ఏం తెలుస్తుంది? వాచీలు సేకరించేవాళ్ళు ఇలాంటివాటిని బొంబాయి స్పెషల్ అంటారట. నాకది పర్లాకిమిడి స్పెషల్.

ఇక అసలు సంగతి. పట్టుకెళ్ళి గాజు బల్ల మీద పెట్టాను. మనిషి దాన్ని ముట్టుకోలేదు. నా మొహం చూసి, "ఏ ఘొడి ఆమొ దొకానొరొ నుహే" అన్నాడు. ఒడియాలో! ఈ వాచీ మా దుకాణానిది కాదట. నేను తెలుగులో అడుగుతుంటే, తెలుగు బొత్తిగా రానట్టు బుర్ర అటూ ఇటూ ఊపుతున్నాడు. మొన్నటి "మీ నాన్నగారు నాకు తెలీదా" ఎటు పోయిందో! పక్కన నిలబడ్డ ఇద్దరు గిరాకీలు నన్నే దొంగని చూసినట్టు చూశారు. అంతలో పనికుర్రాడు లోపలికి వచ్చాడు. వాడితో ఈయన, "ఒరే, టీ పట్రా. ఒక్కటే." ఎంత చక్కటి తెలుగో! డబ్బు పోయినందుకు కాదు, ఆ ఒక్క టీకి ఒళ్ళు మండిపోయింది.

నాన్న ఏమీ అనలేదు. సెల్లులోనే టైము చూసుకుంటున్నారు.

కొనేవాళ్ళు డయలు మీది అక్షరాల్ని వెలుతురులో చూడండి. అంచులు అలికినట్టున్నా, ముళ్ళు దిగిన కన్నం చుట్టూ రంగు ముద్దకట్టినా వదిలేయండి. కొనేముందే మూత తీయించండి. బిల్లు మీద మోడల్ పేరు, డయలు ఒరిజినలని రాయించుకోండి, రాయకపోతే దిగి వచ్చేయండి. అన్నట్టు, అదే గాజు అరలో ఇంకో రెండు పైలట్లున్నాయి, ఒకటి ఎర్ర డయల్ది. అవీ పేటి విప్పనివేనట.